దాగి ఉన్న హార్మోన్ జబ్బులు – 5వ పాఠం: టీఎస్‌హెచ్ నార్మల్, మనిషి మాత్రం కాదు

ముందుగా పోయిన పాఠంలోని అభ్యాసానికి జవాబు. అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడి, ఉప్పు తినాలన్న యావ పెరిగి, నిలబడితే బీపీ పడిపోతున్న మనిషిలో సోడియం తక్కువగా, పొటాషియం ఎక్కువగా ఉంటే మొదట అనుమానించాల్సింది అడిసన్ జబ్బు. లోపం మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథిలోనే ఉంది. ఆ గ్రంథిని టీబీ కూడా దెబ్బతీస్తుంది కాబట్టి మన దేశంలో ఇలాంటి మనిషికి టీబీ ఉందేమో తప్పకుండా వెతకాలి. నలుపు, ఉప్పు, పొటాషియం అన్న మూడు గుర్తులను పక్కనే పెట్టుకోండి. ఈ పాఠంలో వాటితో పని ఉంది.

ఇవాళ్టి జబ్బు షీహన్ సిండ్రోమ్. కాన్పు సమయంలో రక్తం విపరీతంగా పోయి, బీపీ బాగా పడిపోయి, మెదడు కింద ఉండి మిగతా గ్రంథులను నడిపే పిట్యూటరీ గ్రంథి ముందు భాగం దెబ్బతింటే వచ్చేది. బ్రిటిష్ పాథాలజిస్టు హెరాల్డ్ షీహన్ 1937లో దీన్ని వివరంగా రాశారు. కాన్పు వైద్యం మెరుగైన దేశాల్లో ఇది చాలా అరుదైపోయింది. మన దగ్గర ఇంకా ఉంది. కాన్పు జరిగిన పదేళ్లకో, ఇరవై ఏళ్లకో బయటపడటం కూడా కొత్తేమీ కాదు. అన్నేళ్లూ ఆ తల్లి నీరసానికి బలం ఇంజక్షన్లు వేయించుకుంటూ, గ్లూకోజ్ ఎక్కించుకుంటూ తిరుగుతూ ఉంటుంది. ఈ ఆలస్యాన్ని తగ్గించగలిగేది మొదట చూసే మనిషే. బస్తీ దవాఖానాలో డాక్టరు కావచ్చు, నర్సు కావచ్చు, ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త కావచ్చు.

దెబ్బ పిట్యూటరీకే ఎందుకు తగులుతుంది? గర్భంతో ఉన్నప్పుడు పాలకు సంబంధించిన ప్రొలాక్టిన్ కణాలు పెరగడం వల్ల ఆ గ్రంథి పెద్దదవుతుంది. ముందు భాగానికి రక్తం ఎక్కువగా తక్కువ ఒత్తిడి ఉండే సిరల దారిలో అందుతుంది. గ్రంథి పెరిగినా సరఫరా దానికి తగ్గట్టు పెరగదు. అలాంటి సమయంలో బీపీ కుప్పకూలితే కణాలు చచ్చిపోతాయి. వెనక భాగానికి నేరుగా ధమనుల రక్తం అందుతుంది కాబట్టి అది చాలావరకు తప్పించుకుంటుంది. ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్ వెనక భాగం నుంచే వస్తుంది, అందుకే ఈ జబ్బులో అతిమూత్రం అరుదు.

ఇప్పుడు ఒక కేసు చూద్దాం, పాఠం కోసం అల్లినది. మెహిదీపట్నం దగ్గర ఇళ్లల్లో పనిచేసే యాదమ్మకు 38 ఏళ్లు. వారం రోజుల జ్వరం, వాంతుల తర్వాత మగతగా ఉంటే దవాఖానాకు తెచ్చారు. సోడియం 122. మామూలుగా 135 నుంచి 145 ఉండాలి. షుగర్ 58. పొటాషియం 4.1, అంటే సరిగ్గానే ఉంది. థైరాయిడ్ రిపోర్టు చేతిలో ఉంది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) 2.1. "థైరాయిడ్ నార్మలే అన్నరు సార్" అంది కూతురు.

ఇక్కడ చాలామంది వాంతుల వల్ల సోడియం తగ్గిందనుకుని సెలైన్ పెట్టి పంపేస్తారు. మీరు కుర్చీ దగ్గరికి లాక్కుని కాన్పుల గురించి అడగండి. "డెలివరీ నార్మలా, ఆపరేషనా?" అని అడిగితే సరిపోదు. ఆఖరి కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా, రక్తం ఎక్కించారా, సోయి తప్పిందా అని అడగాలి. తర్వాత బిడ్డకు పాలు పడ్డాయా అని అడగాలి. నా దృష్టిలో ఈ జబ్బులో ఇంతకంటే విలువైన ప్రశ్న లేదు. పాలు పడకపోవడం చాలాసార్లు మొట్టమొదటి గుర్తు. ఎన్నేళ్లయినా ఏ తల్లీ దాన్ని మర్చిపోదు కూడా. పక్కన అత్తగారు ఉంటే కాసేపు బయట కూర్చోమనండి. పాలు పడలేదని ఆ ఇంట్లో మాటలు పడ్డ మనిషి అందరి ముందూ చెప్పదు.

యాదమ్మ చెప్పింది ఇది: "మస్తు రక్తం పోయింది సార్, రెండు బాటిళ్లు ఎక్కిచ్చిన్రు. పాలు పడలే, డబ్బా పాలు పోసి పెంచిన. ముట్టు మళ్ల రాలే. పీడ పోయిందనుకున్న."

నెలసరి ప్రశ్నలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. తెలంగాణలో, ఆంధ్రలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువ. కొందరికి కాన్పు రక్తస్రావాన్ని ఆపడానికే తీసేసి ఉంటారు. వాళ్లను నెలసరి గురించి అడిగి లాభం లేదు. అప్పుడు పాల ప్రశ్న, చంకల్లో వెంట్రుకల ప్రశ్న మీదే ఆధారపడాలి. రాలిపోయి మళ్లీ రాని వెంట్రుకలు, కళ్ల చుట్టూ పెదాల చుట్టూ సన్నని ముడతలు, పొడిబారి పాలిపోయిన చర్మం చూడండి. చలికి తట్టుకోలేకపోవడం గురించి అడగండి. ఒకవేళ ఆ కాన్పు తర్వాత ఇంకో బిడ్డ పుట్టినా ఈ జబ్బును పూర్తిగా కొట్టేయకండి. గ్రంథి కొంతే దెబ్బతింటే నెలసరి వస్తుంది, గర్భమూ నిలవచ్చు.

ఇక పోయిన పాఠం గుర్తులు. యాదమ్మ చర్మం నల్లబడలేదు, పైగా పాలిపోయింది. ఏసీటీహెచ్ (అడ్రినల్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) పెరిగితేనే నలుపు వస్తుంది. ఇక్కడ ఏసీటీహెచ్ తయారయ్యే చోటే దెబ్బతింది. ఒంట్లో ఉప్పును నిలిపి పొటాషియంను బయటికి పంపే అడ్రినల్ హార్మోన్ ఆల్డోస్టిరాన్‌కు పిట్యూటరీతో పెద్దగా పని లేదు కాబట్టి పొటాషియం పెరగలేదు, ఉప్పు యావ లేదు. సోడియం ఎందుకు తగ్గిందంటే, ఏసీటీహెచ్ చెబితే అడ్రినల్ తయారుచేసే కార్టిసాల్ లేనప్పుడు ఒంట్లో నీరు సరిగా బయటికి పోదు.

ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన అసలు విద్య రిపోర్టును జంటగా చదవడం. పిట్యూటరీ పంపే హార్మోన్, కింది గ్రంథి తయారుచేసే హార్మోన్ రెండూ ఒకేసారి కనబడాలి. థైరాయిడ్ గ్రంథి చెడిపోతే అది తయారుచేసే హార్మోన్ టీ4 తగ్గి టీఎస్‌హెచ్ బాగా పెరుగుతుంది. టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ పెరగలేదంటే పిట్యూటరీ స్పందించడం లేదన్నమాట. ఈ జబ్బులో టీఎస్‌హెచ్ తక్కువగా ఉండొచ్చు, నార్మల్‌గా ఉండొచ్చు, కాస్త పెరిగి కూడా ఉండొచ్చు. యాదమ్మకు ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) చేయిస్తే 0.5 వచ్చింది. చాలా ల్యాబుల్లో కింది హద్దు 0.8 దగ్గర ఉంటుంది. 0.5 పక్కన పెట్టి చూస్తే 2.1 అన్న టీఎస్‌హెచ్‌ను నార్మల్ అనలేం. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా గల్లీకో ల్యాబు ఉంది, ప్యాకేజీల్లో టీ3, టీ4, టీఎస్‌హెచ్ మూడూ వస్తాయి. అయినా కళ్లు టీఎస్‌హెచ్ మీదికే పోతాయి. దయచేసి మూడు వరుసలూ చదవండి. తీవ్రంగా జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నవాళ్లలో పిట్యూటరీ బాగున్నా ఇలాంటి అంకెలు రావచ్చు. అందుకే కాన్పు కథ లేకుండా అంకెలతో తీర్పు చెప్పకూడదు.

ఇదే పద్ధతిని మిగతా జంటలకూ వాడండి. అండాశయాల హార్మోన్ ఈస్ట్రడయాల్ తగ్గితే పిట్యూటరీ పంపే ఎఫ్‌ఎస్‌హెచ్ పెరగాలి. ముట్లుడిగిన వయసు స్త్రీకి ఎఫ్‌ఎస్‌హెచ్ తక్కువగా ఉంటే, హార్మోన్ మాత్రలు వాడటం లేదని తేల్చుకున్నాక, అది గట్టి గుర్తే.

కార్టిసాల్ పొద్దున 8 గంటల ప్రాంతంలో తీయాలి. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే అబ్బాయి పదకొండుకు వస్తే ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోలేం. డెసీలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపం దాదాపు ఖాయం. 15 దాటితే చాలావరకు భయం లేదు. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ ఇంజక్షన్ ఇచ్చి చేసే పరీక్ష కావాలి. ముందు ఒక సంగతి తేల్చుకోండి: మోకాళ్ల నొప్పులకు ఇంజక్షన్లు, ఆయాసానికి మాత్రలు, పేరు లేని పొడులు, తెల్లబడటానికి రాసే క్రీములు ఏమైనా వాడారా? వాటిలో స్టెరాయిడ్ ఉంటే కార్టిసాల్ ఆ కారణంగానే పడిపోయి ఉండొచ్చు. మనిషి షాక్‌లో ఉంటే మాత్రం రిపోర్టు కోసం ఆగొద్దు. శాంపిల్ తీసి వెంటనే హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ బదులు ఇచ్చే స్టెరాయిడ్ మందు) 100 మిల్లీగ్రాములు ఇవ్వాలి.

ఇప్పుడు చెప్పేది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఫ్రీ టీ4 తగ్గిందని చూడగానే థైరాయిడ్ మాత్ర రాయకండి. ఆ మాత్రలోని థైరాక్సిన్ పడగానే ఒంట్లో మిగిలిన కొద్దిపాటి కార్టిసాల్ ఇంకా త్వరగా ఖర్చవుతుంది, మనిషి అడ్రినల్ క్రైసిస్‌లోకి, అంటే కార్టిసాల్ కరువై ప్రాణం మీదికొచ్చే స్థితిలోకి పోవచ్చు. కార్టిసాల్ సంగతి తేలాలి, లోపం ఉంటే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాలి, ఆ తర్వాతే థైరాక్సిన్. మోతాదు సరిపోయిందో లేదో చూడటానికి కూడా ఫ్రీ టీ4నే చూడాలి. టీఎస్‌హెచ్ తగ్గిందని మాత్ర తగ్గిస్తే తప్పవుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో ఎండోక్రైనాలజీ విభాగానికి పంపండి. అక్కడ ఎంఆర్‌ఐ తీస్తే పిట్యూటరీ ఉండే గూడు ఖాళీగానో, సగం ఖాళీగానో కనబడటం మామూలు. పంపే చీటీలో "నీరసం" అని రాసి వదిలేయకండి. "కాన్పులో రక్తస్రావం, పాలు పడలేదు, టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ నార్మల్" అని రాయండి. ఆ ఒక్క వాక్యం ఆమెకు చాలా తిరుగుళ్లు తప్పిస్తుంది. మందు మొదలైనవాళ్లకు జ్వరం వస్తే స్టెరాయిడ్ మోతాదు రెట్టింపు చేయాలనీ, వాంతులైతే ఇంజక్షన్ కోసం పరుగెత్తాలనీ ఇంట్లో అందరికీ చెప్పాలి. స్టెరాయిడ్ వాడుతున్నట్టు రాసిన కార్డు పర్సులో ఉండాలి.

అభ్యాసం. ఒకటి: 46 ఏళ్ల స్త్రీకి రెండో కాన్పులో రక్తస్రావమై గర్భసంచి తీసేశారు. సోడియం 126, పొటాషియం 4.3, టీఎస్‌హెచ్ 5.2, ఫ్రీ టీ4 0.6, పొద్దుటి కార్టిసాల్ 2.4. ఏ మాత్ర ముందు, ఎందుకు? రెండు: 29 ఏళ్ల అమ్మాయి జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతోంది. టీఎస్‌హెచ్ 0.05, ఫ్రీ టీ4 ఎక్కువ. గుండె దడ లేదు, బరువు తగ్గలేదు, చేతులు వణకడం లేదు. మందు రాసే ముందు ఏం చేస్తారు? రెండింటికీ జవాబులు కాగితం మీద రాసుకోండి, 6వ పాఠం వాటితోనే మొదలవుతుంది.