ఆందోళన రుగ్మతకు వైద్యం ఎలా చేయించుకోవాలి? మాత్రల గురించి, మాటల చికిత్స గురించి సరిహద్దు ఊళ్లవారికి

రాయగడలో రైలెక్కి కోరాపుట్ వైపు వెళితే, కొండలెక్కాక సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. దమన్‌జోడిలో ఉద్యోగం చేసే మా తమ్ముడికి మొదటిసారి గుండె దడ పుట్టింది అలాంటి ఒక సొరంగంలోనే. ఊపిరి అందలేదు, అరచేతులు చల్లబడ్డాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి, ప్రాణం పోతోందనుకున్నాడు. పక్కన కూర్చున్నవాళ్లు నీళ్లు తాగించారు. అరగంటలో తేరుకున్నాడు. ఆ తర్వాత మూడుసార్లు ఇ.సి.జి. తీయించాం. మూడుసార్లూ బాగానే ఉంది. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు దిష్టి అన్నారు. మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నాం. చివరికి ఒక మందుల షాపువాళ్లు చీటీ అడగకుండా ఇచ్చిన చిన్న మాత్రతో దడ అరగంటలో అణిగింది. వాడు దాన్నే ఎనిమిది నెలలు మింగాడు. ఆ మాత్ర పేరు అల్ప్రాజోలమ్.

ఆ ఎనిమిది నెలల ఫలితం ఇంటిల్లిపాదీ అనుభవించాం. వెంటనే హాయినిచ్చే మాత్ర వేరు, జబ్బును తగ్గించే మాత్ర వేరు అని మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఒడిశా అంచున ఉన్న మన ఊళ్లలో ఈ తేడా తెలియక ఇంకెవరూ నష్టపోకూడదు. అందుకే ఇది రాస్తున్నాను.

1. ముందు ఒంటి జబ్బు కాదని తేల్చుకోండి

మొదటిసారి ఛాతీలో నొప్పి వచ్చినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా ఆందోళనే అయ్యుంటుందని ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి, ఆసుపత్రికి వెళ్లండి. గుండె బాగుందని తేలాక థైరాయిడ్, రక్తహీనత, చక్కెర పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా అచ్చం ఇలాగే దడ, చెమటలు, చేతుల వణుకు ఉంటాయి. ఉబ్బసానికి వాడే సాల్బ్యుటమాల్ వల్ల కూడా గుండె వేగం పెరుగుతుంది. టీ, కాఫీ సంగతి సరే, మన వైపు చాలామంది ఆడవాళ్లు పొద్దున్నే పళ్లకు రాసుకునే గుడాకులో ఉన్నదీ పొగాకే. డాక్టరు అడగకపోయినా దాని గురించి చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

2. ఏ రకం ఆందోళనో గుర్తుపట్టండి

చికిత్స దాన్నిబట్టే ఉంటుంది. ఆరు నెలలకు పైగా దాదాపు ప్రతిరోజూ పిల్లల చదువు, అప్పు, ఆరోగ్యం అంటూ ఒకటి విడిచి ఒకటి పట్టుకుని మనసు నలిగిపోతుంటే అది సాధారణ ఆందోళన రుగ్మత. ఉన్నట్టుండి విరుచుకుపడి, పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి, తర్వాత దిగిపోయేది పానిక్ ఎటాక్. అది మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న భయంతో బతుకు కుంచించుకుపోతే పానిక్ రుగ్మత. నలుగురిలో మాట్లాడాలన్నా, పెళ్లి భోజనాల్లో పంక్తిలో కూర్చోవాలన్నా వణుకు పుడితే సామాజిక ఆందోళన.

డాక్టర్లు వాడే ఏడు ప్రశ్నల పత్రం ఒకటి ఉంది. దాని పేరు జి.ఎ.డి.-7, వచ్చింది 2006లో. గడచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా ఉన్నారు, చింతను ఆపుకోగలిగారా, చిరాకు ఎంత అని అడుగుతుంది. మొత్తం 21 మార్కులు. 10, ఆపైన వస్తే డాక్టరును కలవాలి. మార్కులు జబ్బును నిర్ధారించవు. రెండు నెలల తర్వాత మళ్లీ నింపితే తగ్గిందో లేదో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

3. ఎవరి దగ్గరికి, ఏ భాషలో?

మందు రాసేది సైకియాట్రిస్టు. మాటల చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు, ఆయన మందులు రాయకూడదు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉంటుంది. అడిగి చూసుకోండి, అది మీ హక్కు. గంజాం, గజపతి వైపు ఉన్నవారికి బరంపురంలో ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, కోరాపుట్ వైపు ఉన్నవారికి శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉన్నాయి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, రాయగడ నుంచి రైల్లో విశాఖపట్నం వెళ్లేవారూ ఉన్నారు. విశాఖలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అందరికీ తెలిసినదే. అక్కడికి వెళ్లినంత మాత్రాన పిచ్చి అని ముద్ర పడదు. ఆందోళన రుగ్మతకు ఆసుపత్రిలో చేరవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఓ.పి.లో చూపించుకుని సాయంత్రానికి బయలుదేరవచ్చు.

భాష మాట ఎందుకు ఎత్తానంటే, మాత్రకు భాష అక్కర్లేదు గాని మాటల చికిత్సకు అదే ప్రాణం. మా తమ్ముడు చదివింది ఒడియా బడిలో, ఆఫీసులో మాట్లాడేది ఒడియా. మొదటి కౌన్సెలింగ్ ఒడియాలోనే జరిగింది. ఎలా ఉంది అని అడిగిన ప్రతిసారీ వాడు ‘ఠిక్ అఛి’ (బాగానే ఉంది) అనేవాడు. తెలుగు తెలిసిన సైకాలజిస్టు ముందు కూర్చోబెట్టిన రోజున మాత్రం, ‘గుండెలో ఎవరో పిడికిలి బిగిస్తున్నట్టు ఉంటుంది, అమ్మ చనిపోయిన రాత్రి కూడా ఇలాగే ఉంది’ అన్నాడు. ఆ రెండో ముక్క అంతకు ముందు నాకూ తెలియదు. మీకు కష్టం ఏ భాషలో వస్తుందో ఆ భాషలో చెప్పుకోగలిగిన చోటికే వెళ్లండి. దూరమైతే ఫోనులోనైనా సరే. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, భాష మనమే ఎంచుకోవచ్చు.

4. మాత్రలను అర్థం చేసుకుని వాడండి

డాక్టర్లు సాధారణంగా ముందుగా రాసేవి సెరటోనిన్ అనే మెదడు రసాయనంపై పనిచేసే ఎస్.ఎస్.ఆర్.ఐ. మందులు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్ ఈ జాతివే. వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్ వీటికి దాయాదులు. వీటికి అలవాటు పడిపోయి మోతాదు పెంచుకుంటూ పోవడం ఉండదు. కొద్దిగా మొదలుపెట్టి పెంచుతారు. ఎస్సిటాలోప్రామ్ అయితే తరచుగా 5 మి.గ్రా.తో మొదలై 10 మి.గ్రా.కు వెళుతుంది.

అసలు కష్టం మొదటి రెండు వారాలు. వికారం, తలనొప్పి, నిద్ర తేడా ఉండవచ్చు. కొందరికి కంగారు తగ్గకపోగా కొంచెం పెరుగుతుంది. మందు పడలేదని చాలామంది ఇక్కడే మానేస్తారు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. నాలుగో రోజు మా మరదలు ఫోను చేసి, ‘వదినా, ఈ మందు ఆపేస్తాం, నిన్నటికన్నా ఈరోజు ఇంకా అల్లాడుతున్నారు’ అంది. ఆపవద్దని, డాక్టరుకు ఫోను చేయమని చెప్పాను. ఆయన మోతాదును కొన్నాళ్లు సగానికి తగ్గించారు. పదిరోజులకు సర్దుకుంది. 25 ఏళ్లలోపు వారిలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు వచ్చే ప్రమాదం కొంత ఉంది. ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి, అలాంటి మాట వినబడితే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. దాంపత్య జీవితంలో కోరిక తగ్గడం మరో ఇబ్బంది. ఎవరూ నోరు విప్పరు, నిశ్శబ్దంగా మందు మానేస్తారు. డాక్టరుకు చెబితే మందు మార్చవచ్చు, మోతాదు సవరించవచ్చు.

నొప్పులకు ట్రమడాల్ వాడుతుంటే ముందే చెప్పాలి. ఈ మందులతో కలిస్తే సెరటోనిన్ మరీ పెరిగి ప్రమాదం కావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా ఆపకూడదు.

ఇక అల్ప్రాజోలమ్, క్లోనాజెపామ్, డయాజెపామ్. ఇవి బెంజోడయజెపిన్లు, అరగంటలోనో గంటలోనో పనిచేస్తాయి. మొదటి రెండు నుంచి నాలుగు వారాలు, అసలు మందు పట్టు దొరికేవరకు ఊతకర్రగా ఇస్తారు. అంతకన్నా ఎక్కువకాలం వాడితే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది. అల్ప్రాజోలమ్ పట్టీ మీద ఎర్ర గీత, హెచ్చరిక ఉంటాయి. 2014 మార్చి నుంచి అది షెడ్యూల్ హెచ్1 కింద ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతి పట్టీ షాపు రిజిస్టరులో ఎక్కాలి. మా తమ్ముడు ఒకసారి పట్టీ దొరక్క ఒక్కసారిగా ఆపేశాడు. రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు, గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణికాయి. అలా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చని తర్వాత తెలిసింది. ఇప్పటికే వాడుతున్నవారు భయపడి ఈరోజే మానేయవద్దు. డాక్టరు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఈ మాత్ర మీద ఇప్పసారాగాని, మరే మద్యంగాని తాగితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

సభల్లో మాట్లాడే ముందు వణుకు తగ్గడానికి ప్రొప్రనోలాల్ ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారికి అది పనికిరాదు. బస్పిరోన్, ప్రీగాబలిన్ కూడా కొందరికి రాస్తారు.

సరిహద్దుకు అటూ ఇటూ తిరిగేవారికి ఒక సూచన. చీటీ మీద కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు పెద్ద అక్షరాలతో రాయించుకోండి. విశాఖలో రాసిన కంపెనీ మాత్ర గుణుపురంలో దొరక్కపోవచ్చు. అసలు పేరు ఉంటే అదే మందు వేరే కంపెనీది తీసుకోవచ్చు, జనౌషధి దుకాణంలో చవకగా అడగవచ్చు. వానాకాలంలో దారులు తెగే ఊళ్లవారు పదిరోజుల మందు ఎప్పుడూ ఎక్కువగా ఉంచుకోవాలి. వెన్లాఫాక్సిన్, పారోక్సెటిన్ రెండు రోజులు తప్పినా తల తిరుగుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది.

5. మాటల చికిత్సను సగంలో వదలకండి

ఆందోళనకు ఎక్కువ ఆధారాలున్న మాటల చికిత్స సి.బి.టి. ఆలోచననూ ప్రవర్తననూ పట్టి సరిచేసే పద్ధతి ఇది. వారానికి ఒకటి చొప్పున సాధారణంగా 12 నుంచి 16 కూర్చోవడాలు. ఓదార్పు మాటలు చెప్పి పంపడం ఇందులో ఉండదు. ఇంటికి పని ఇస్తారు, చేసి చూపించాలి. తేలికపాటి ఆందోళనకు ఇదొక్కటే చాలవచ్చు. తీవ్రంగా ఉంటే మందుతో కలిపి చేస్తారు.

అందులో నాకు ఎక్కువ నమ్మకం కలిగించినది భయానికి ఎదురు నిలబడే సాధన. సైకాలజిస్టు మా తమ్ముడి చేత మెట్లు రాయించారు, ఒక్కో మెట్టుకు భయం నూటికి ఎంతో వేయించారు. మొదటి మెట్టు, రాయగడ ప్లాట్‌ఫారం మీద రైలు వచ్చే వేళకు అరగంట కూర్చోవడం: 30. సింగపూర్ రోడ్ దాకా నాతో వెళ్లి రావడం: 45. అదే ఒంటరిగా: 55. టికిరి దాకా: 70. సొరంగాలన్నీ దాటి కోరాపుట్ దాకా: 95. భయం సగానికి తగ్గేవరకు ఆ మెట్టు మీద నుంచి దిగకూడదు, మధ్యలో పారిపోతే భయం బలపడుతుంది. ఒక మెట్టు రెండు మూడుసార్లు తేలికయ్యాకే పైమెట్టు. చొక్కా జేబులో మాత్రల పట్టీ పెట్టుకోవడం, తలుపు దగ్గరే కూర్చోవడం కూడా పారిపోవడం కిందికే వస్తాయట. అవీ ఒక్కొక్కటిగా మానిపించారు.

దడ అంటే ఉన్న భయం పోవడానికి, కావాలనే దడ పుట్టించుకునేలా స్టేషను మెట్లను గబగబా నాలుగుసార్లు ఎక్కి దిగమన్నారు. గుండె దడదడలాడింది, చెమట పట్టింది, రెండు నిమిషాల్లో అదే తగ్గింది. ‘అక్కా, ఇది అదే దడ’ అన్నాడు నా వైపు తిరిగి. ఆ రోజు వాడి ముఖంలో కనిపించిన వెలుగును మాటల్లో పెట్టలేను. గుండె జబ్బు, ఉబ్బసం, గర్భం ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఈ సాధన చేయవద్దు.

ఎప్పుడూ చింతలో ఉండేవారికి ‘చింత వేళ’ అని ఒకటి ఇస్తారు. సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు, అప్పుడే నోటుపుస్తకంలో చింతలన్నీ రాయాలి. పగలు వచ్చినవాటిని ఆ వేళకు వాయిదా వేయాలి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం కూడా నేర్పుతారు.

6. ఖర్చు, గోప్యత

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బుల మాదిరే మానసిక జబ్బులకూ బీమా కల్పించాలి. మీ వివరాలు గోప్యంగా ఉంచాలన్నదీ ఆ చట్టంలోనే ఉంది.

7. మందు ఆపే పద్ధతి

బాగైపోయిందని అనిపించిన రోజు మందు ఆపే రోజు కాదు. బాగయ్యాక కనీసం ఆరు నెలల నుంచి ఏడాది పాటు కొనసాగించి, తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన వారాలు, నెలలు పట్టేలా తగ్గించాలి. పరీక్షలు, పెళ్లి, బదిలీ ఉన్న నెలలో తగ్గించడం మొదలుపెట్టవద్దు. తగ్గిస్తుండగా నిద్ర చెడినా, వెళ్లగలిగిన చోట్లకు వెళ్లడం మానేస్తున్నా వెంటనే చెప్పాలి. మా తమ్ముడికి ఎస్సిటాలోప్రామ్ తగ్గించడానికి మూడు నెలలు పట్టింది. ఏ వారం ఎంత వేసుకోవాలో మా మరదలు క్యాలెండరు మీద ప్రతి ఆదివారం గడిలో తెలుగులో రాసి పెట్టింది: ఒకటి, అర, రోజు విడిచి రోజు అర. చివరి గడిలో ‘లేదు’ అని రాసిన ఆదివారం మర్నాడు వాడు పొద్దున బండికే దమన్‌జోడి వెళ్లాడు, కిటికీ పక్కన కూర్చుని.