హెచ్‌-1బీ మీద టెక్సస్‌లో లీవర్ యాక్షన్ రైఫిల్ కొనాలంటే: హంటింగ్ లైసెన్సు నుంచి ఫారం 4473 దాకా

టెక్సస్‌లో నవంబరు మొదటి శనివారం జింకల రైఫిల్ సీజన్ మొదలవుతుంది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వైపు ఉండే మనవాళ్ళలో కొందరు ఆఫీసు స్నేహితులతో ఒకసారి వెళ్ళొచ్చాక, తమకూ సొంత రైఫిల్ ఉంటే బాగుండుననుకుంటారు. లీవర్ యాక్షన్ (చేత్తో లీవర్ లాగి తూటా ఎక్కించే రైఫిల్) మీద మనసు పడేవాళ్ళూ ఎక్కువే. కానీ వీసా మీద ఉన్నవాళ్ళు షాపుకి వెళ్ళే ముందు చేయాల్సిన పని వేరే ఉంది.

హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో అడుగుపెట్టినవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒక్కటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. అది చేతిలో ఉన్నంత కాలమే రైఫిల్ మీ దగ్గర ఉండొచ్చు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి ఈ మెలిక లేదు.

ముందు హంటింగ్ లైసెన్సు

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సస్‌లో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి. 17 ఏళ్ళు దాటితే ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు. టైం లేదనుకుంటే 10 డాలర్లు కట్టి ఒకే ఒక్కసారి వాయిదా తీసుకునే వీలుంది. అయినా, ముందెప్పుడూ తుపాకీ పట్టనివాళ్ళు వాయిదా జోలికి పోవద్దని నా గట్టి సలహా. తుపాకీ మూతి ఎటు ఉండాలి, కంచె ఎలా దాటాలి లాంటివి అక్కడే నేర్పుతారు. వీలైతే మనిషి ఎదురుగా నిలబడి చెప్పే క్లాసుకే వెళ్ళండి.

ఆ తర్వాత టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్‌లో గానీ, వాల్‌మార్ట్, అకాడమీ లాంటి షాపుల్లో స్పోర్టింగ్ కౌంటర్ దగ్గర గానీ లైసెన్సు తీసుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. రాష్ట్రంలో ఆరు నెలలకు మించి వరుసగా ఉన్నవాళ్ళకి రెసిడెంట్ లైసెన్సు 25 డాలర్లు. ఆరు నెలలు నిండకపోతే నాన్‌రెసిడెంట్ కింద 315 డాలర్లు కట్టాల్సి వస్తుంది కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు కాస్త ఆగడమే మేలు.

గడువు మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. మామూలు హంటింగ్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. కొత్త ఏడాదివి ఆగస్టు 15 నుంచి అమ్ముతారు. మిగతావాళ్ళకి లైసెన్సు అయిపోతే వేటకి వెళ్ళడం కుదరదు, అంతే. మనకి మాత్రం సెప్టెంబరు 1 తెల్లారేసరికి ఇంట్లో ఉన్న రైఫిలే చట్టవిరుద్ధం అవుతుంది. ఆగస్టులో ఇండియా ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ఫ్లైట్ ఎక్కకముందే రెన్యూ చేయాలి.

ఇంకో చోట కూడా చాలామంది పొరపడతారు. ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవి పందుల్ని కొట్టడానికి 2019 సెప్టెంబరు నుంచి టెక్సస్ లైసెన్సు అడగడం లేదు. ఆ వెసులుబాటు వేట వరకే. నాన్‌ఇమిగ్రెంట్ చేతిలో తుపాకీ ఉండొచ్చా లేదా అన్నది ఫెడరల్ చట్టం చూసుకుంటుంది కాబట్టి, పందుల వేటకైనా మన జేబులో లైసెన్సు ఉండాల్సిందే.

లీవర్ యాక్షనే ఎందుకు, ఎందుకు వద్దు

ట్రిగ్గర్ కింద ఉండే లీవర్‌ని కిందికి లాగి పైకి మూస్తే ఖాళీ తూటా బయటికి పడి, కొత్తది లోపలికి వెళ్తుంది. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన వించెస్టర్ 1894, 1948లో వచ్చిన మార్లిన్ 336 ఈ రకంలో బాగా పేరున్నవి. రెండిటిలోనూ ఎక్కువగా కనిపించేది .30-30 తూటా. సన్నగా, తేలిగ్గా ఉంటాయి. పొదల మధ్య నడిచేటప్పుడు అడ్డం రావు, భుజం మీద తన్ను కూడా భరించగలిగేంతే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తనంతట తానే కొత్త తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ కాదు కాబట్టి, కొన్ని రాష్ట్రాలు ఆ రకం మీద పెట్టిన నిషేధాలు దీనికి తగలవు. రెండు మూడేళ్ళకోసారి ఉద్యోగం కోసం రాష్ట్రం మారేవాళ్ళకి ఇది చిన్న సంగతేమీ కాదు.

ఇక ఇబ్బందులు. .30-30 మామూలుగా 150, 200 గజాల లోపు తూటా. ఈస్ట్ టెక్సస్ అడవుల్లో సరిపోతుంది గానీ, వెస్ట్ టెక్సస్ మైదానాల్లో చాలదు. ట్యూబ్ మ్యాగజీన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మొన వాడిగా ఉన్న తూటా వేస్తే అది ముందున్న తూటా ప్రైమర్‌ని (తూటా వెనక ఉండి, దెబ్బ తగిలితే మందుని అంటించే భాగం) తాకి పేలే ప్రమాదం ఉంది. అందుకే మొన చదునుగా ఉన్నవి గానీ, మెత్తటి మొనతో వీటి కోసమే చేసినవి గానీ వాడాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది హ్యామర్, అంటే ట్రిగ్గర్ నొక్కితే ముందుకి కొట్టుకుని తూటాని పేల్చే భాగం. లీవర్ ఆడించాక అది వెనక్కి లేచి ఉంటుంది. తూటా ఛాంబర్‌లోకి వెళ్ళింది, జింక పారిపోయింది, ఇప్పుడు కాల్చకూడదు. అప్పుడు ఒక చేత్తోనే బొటనవేలితో హ్యామర్‌ని పట్టుకుని, చూపుడువేలితో ట్రిగ్గర్ నొక్కుతూ, మెల్లగా దింపాలి. చలికి వేళ్ళు బిగుసుకుపోయి హ్యామర్ జారితే తూటా పేలుతుంది. కొనే ముందు తూటాలు లేని రైఫిల్‌తో, తెలిసినవాళ్ళ పక్కన ఇది పదేపదే చేసి చూడండి. క్రాస్‌బోల్ట్ సేఫ్టీ (హ్యామర్ దెబ్బ తూటాకి తగలకుండా ఆపే అడ్డబటన్) ఉన్న మోడల్ అయితే, హ్యామర్ దింపే ముందు అది వేసుకోవచ్చు.

కొత్తవి చాలావరకు వెయ్యి డాలర్ల అటూ ఇటూగా ఉంటాయి. అందులో సగం డబ్బుకే స్కోప్ పెట్టుకోవడానికి వీలైన, ఇంకా దూరం కొట్టే బోల్ట్ యాక్షన్ (పక్కనున్న పిడిని చేత్తో వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించే రైఫిల్) వస్తుంది. మొదటి రైఫిల్‌గా, అదీ దగ్గరి వేటకే అయితే, నేను లీవర్ యాక్షన్‌కే ఓటేస్తాను. ఎక్కడ వేటాడతారో ఇంకా తేలనివాళ్ళకి బోల్ట్ యాక్షనే నయం. చవకగా వస్తుందని .22 లీవర్ యాక్షన్ తీసుకోవద్దు, అది వాడేది రిమ్‌ఫైర్ అనే రకం చిన్న తూటా, టెక్సస్‌లో దానితో జింకల్ని కొట్టకూడదు.

షాపులో ఫారం 4473

డీలర్ దగ్గర తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ఫెడరల్ ఫారమే 4473. డ్రైవింగ్ లైసెన్సు, హంటింగ్ లైసెన్సు కాగితం, పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి ఎంట్రీ రికార్డు) ప్రింటు తీసుకెళ్ళండి. డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రసే ఉంటే, కొత్త అడ్రసుతో ప్రభుత్వం ఇచ్చిన ఇంకో కాగితం, ఉదాహరణకి కారు రిజిస్ట్రేషన్, కావాలి.

పేరు దగ్గర మనవాళ్ళు తడబడతారు. ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉన్నవాళ్ళు ఆ అక్షరం పక్కన ‘ఐఓ’ (IO, ఇనీషియల్ ఓన్లీ) అని, మిడిల్ నేమ్ లేనివాళ్ళు ఆ గడిలో ‘ఎన్‌ఎంఎన్’ (NMN, నో మిడిల్ నేమ్) అని రాయాలి. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చారా అన్న ప్రశ్నకి అవునని, మినహాయింపు ఉందా అన్నదానికి అవునని టిక్ చేసి లైసెన్సు చూపించాలి. మొదటిదానికి కాదని పెట్టేస్తే పని సులువవుతుందని ఎవరైనా చెబితే వినకండి. అబద్ధం రాస్తే పదేళ్ళ దాకా జైలు పడొచ్చు, వీసా సంగతి సరేసరి. గ్రీన్ కార్డు ఉన్న స్నేహితుడితో తన పేరు మీద కొనిపించుకోవడం కూడా నేరమే, అందులో ఇద్దరూ ఇరుక్కుంటారు.

తర్వాత డీలర్ ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ (NICS, కొనేవాళ్ళ నేపథ్యం చూసే వ్యవస్థ) ద్వారా చెక్ చేయిస్తాడు. పౌరులు కానివాళ్ళ వివరాలు ఇమిగ్రేషన్ రికార్డులతో కూడా సరిపోల్చాలి కాబట్టి ‘డిలేడ్’ అని రావడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. ఐ-94 నంబరు సరిగ్గా రాస్తే పని త్వరగా తెమిలే అవకాశం ఎక్కువ. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే రైఫిల్ ఇవ్వడానికి చట్టం డీలర్‌కి వీలిస్తుంది. అలాగని ఇచ్చి తీరాలన్న నియమం లేదు, జవాబు వచ్చేదాకా ఇవ్వని షాపులూ ఉన్నాయి. కాబట్టి డబ్బు కట్టకముందే ఆ షాపు పద్ధతి కనుక్కోండి. చెక్ మొదలుపెట్టిన రోజు నుంచి 30 రోజులు దాటితే మళ్ళీ మొదటినుంచి చేయించాలి.

ఇంటికి తెచ్చాక తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. మీ హంటింగ్ లైసెన్సు మీకే వర్తిస్తుంది. హెచ్‌-4 మీద ఉన్న భార్యకో భర్తకో సొంత లైసెన్సు లేకపోతే, రైఫిల్ వాళ్ళ చేతికి అందేలా ఉండకూడదు.