లైట్‌సేబర్ పిడి తయారీ: వచ్చే తేడాలు, వాటికి విరుగుడు

1977లో వచ్చిన 'స్టార్ వార్స్'లో హీరో ల్యూక్ చేతికి వచ్చే లైట్‌సేబర్ (వెలుగే అలుగుగా ఉండే కత్తి) పిడిని ఆ సినిమా కోసం కొత్తగా పోతపోయలేదు. అది పాత ప్రెస్ కెమెరాలకు తగిలించే గ్రాఫ్లెక్స్ కంపెనీ ఫ్లాష్ పిడి. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఫొటో సామాన్ల షాపులో దాన్ని పట్టుకుని, చుట్టూ నల్లటి పట్టీలు అంటించారు. అలా దొరికిన గొట్టంతో పుట్టిన వస్తువును మనమూ గొట్టంతోనే చేసుకోవడం సబబు. ఒక్కటి గుర్తుంచుకోండి, పైన కనిపించే తప్పు చాలాసార్లు కింది పొరలో జరిగి ఉంటుంది. పైపైన సరిచేస్తే మళ్లీ వస్తుంది.

పిడి చేతిలో లావుగా ఉంది

పైపు కొలత దగ్గరే తేడా వచ్చింది. అసలు పిడి వ్యాసం సుమారు 38 మి.మీ. ప్లంబింగ్ షాపులో 'ఇంచుంపావు' పీవీసీ పైపు అడిగితే చేతికొచ్చేది 42.2 మి.మీ. పైపు. 'ఒకించు' అంటే 33.4 మి.మీ. అక్కడ చెప్పే అంగుళాలు బయటి కొలత కాదు. నాలుగు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పట్టీల మందం రెండు వైపులా కలిశాక వేళ్లు చుట్టూ అందవు.

అల్యూమినియం కిటికీల సామాను అమ్మే చోట ఇంచున్నర రౌండ్ పైపు అడగండి. అక్కడ చెప్పేది బయటి కొలతే, 38.1 మి.మీ. గోడ మందం 1.5 మి.మీ. ఉంటే చాలు. మందం కొలిచే వెర్నియర్ పరికరం లేకపోతే కాగితం పట్టీ చుట్టి చూడండి, చుట్టుకొలత దాదాపు 120 మి.మీ. రావాలి. పీవీసీయే వాడాలనుకుంటే బయటి కొలతతో అమ్మే 40 మి.మీ. పైపు తీసుకోండి. ఈ పిడి వరకు మాత్రం మా ఓటు అల్యూమినియానికే. కింద చెప్పబోయే రంగు బాధల్లో సగం దానితోనే తీరిపోతాయి.

కోసిన అంచు వంకర

రంపంతో ఒకే వైపు నుంచి కిందిదాకా కోశారు. కాగితాన్ని పైపు చుట్టూ అంచుకు అంచు కలిసేలా చుట్టి గీత గీయండి. పైపును తిప్పుకుంటూ గీత వెంట కొద్దికొద్దిగా కోయండి. మిగిలిన ఎత్తుపల్లాలు గాజు పలక మీద పరిచిన 120 నంబరు ఎమెరీ కాగితంపై రుద్దితే పోతాయి.

పట్టీలు వంకరగా ఉన్నాయి, వారానికే ఊడుతున్నాయి

వంకరకు కారణం గుండ్రటి పైపు మీద కంటితో గీత గీయడం. ఎల్ ఆకారపు అల్యూమినియం యాంగిల్‌ను పైపు మీద బోర్లించండి. దాని రెండు రెక్కలూ పైపును తాకి కదలకుండా కూర్చుంటాయి. రెక్క అంచు వెంట పెన్సిల్ లాగితే గీత నూలు పట్టినట్టు వస్తుంది. ఆరు పట్టీలైతే 20 మి.మీ.కు ఒక గీత.

ఊడడానికి కారణాలు రెండు. రంగు మీద అంటిస్తే పట్టీ రంగునే పట్టుకుంటుంది, రంగు లేచిన రోజు పట్టీ కూడా లేస్తుంది. ఇక ఫెవిక్విక్ లాంటి జిగురు ఆరాక పెళుసు, వంగే రబ్బరు కింద విరిగిపోతుంది. పట్టీ కూర్చునే చోట మాస్కింగ్ టేపు వేసి రంగు పడనివ్వకండి. అక్కడ 120 కాగితంతో గరుకు చేసి స్పిరిట్‌తో తుడవండి. గట్టి ప్లాస్టిక్ పట్టీలకు రెండు ట్యూబుల అరాల్డైట్ వాడి, రబ్బరు బ్యాండ్లు వేసి 24 గంటలు ఉంచండి. కిటికీ రబ్బరు బీడింగ్‌కు కాంటాక్ట్ గమ్ మేలు. రెండు వైపులా పూసి, వేలికి అంటనంతగా ఆరాక ఒకేసారి నొక్కాలి.

మెత్తటి పీవీసీ బీడింగ్ మీద రంగు వేయకండి. దాన్ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం పైకి ఊరి రంగును ఎప్పటికీ జిగటగానే ఉంచుతుంది.

పీవీసీ మీద రంగు పొలుసులుగా లేస్తోంది

నున్నటి పైపు రంగును పట్టుకోదు, దాని మీది జిడ్డు, చేతి చెమట అసలే పట్టుకోనివ్వవు. సబ్బునీళ్లతో కడిగి, 320 వాటర్ పేపర్‌తో తడిగా రుద్దండి. తడిగా ఎందుకంటే పీవీసీ పొడి ఊపిరిలోకి పోకూడదు. మెరుపు పూర్తిగా చచ్చి పైపు సుద్దలా కనిపించాలి. ఆ తర్వాత స్పిరిట్‌తో తుడిచి ప్లాస్టిక్ ప్రైమర్ వేయండి.

గుంటలకు వేసిన లప్పం పగిలితే మందంగా వేశారన్నమాట. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లప్పంలోని థిన్నర్ ఆవిరయ్యే కొద్దీ అది కుంచించుకుపోతుంది. లోతైన గుంటను ముందు ఎం-సీల్‌తో నింపి, పైన లప్పం పలచగా లాగండి.

క్రోమ్ స్ప్రే వేస్తే స్టీలు బదులు బూడిద రంగు

ఎక్కువమంది నీరుగారిపోయేది ఇక్కడే. డబ్బా మూత మీది మెరుపు మీ పైపు మీద రాదు, ఎందుకంటే క్రోమ్ స్ప్రేకు సొంత నునుపు లేదు, కింది పొర ఎంత నున్నగా ఉంటే అంతే మెరుస్తుంది. మామూలు బూడిద ప్రైమర్ మీద నేరుగా కొడితే మిగిలేది బూడిదే.

ప్రైమర్‌ను 800, తర్వాత 1000 కాగితంతో తడిగా రుద్ది, నిగనిగలాడే నలుపు రంగును పలచగా మూడు పూతలు వేయండి. ట్యూబ్‌లైట్ కింద పట్టి చూడండి, అందులో లైటు గీత విరగకుండా కనిపించాలి. రెండు రోజులు ఆరనివ్వండి. సరిగా ఆరని నలుపు మీద కొత్త పూత పడితే ముడతలు వస్తాయి. క్రోమ్‌ను అడుగు దూరం నుంచి పొగమంచులా పలచగా, పది నిమిషాల ఎడంతో వేయండి. మెరుపు రాగానే ఆపేయాలి. ఇంకొంచెం కొడదాం అనుకుంటే మళ్లీ బూడిదే. పైన క్లియర్ లక్క వేసినా మెరుపు చస్తుంది, వేయకండి.

అల్యూమినియం వాడినవారికి ఇవేవీ లేవు. 400, 800, 1500 కాగితాలు, చివర మెటల్ పాలిష్, అంతే.

రంగు మీద తెల్లటి పొగ పట్టినట్టుంది

వానాకాలంలో, తీరప్రాంతాల్లో ఇది మామూలే. థిన్నర్ వేగంగా ఆవిరై పైభాగం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద దిగుతుంది. ఎండ కాసే రోజు, ఉదయం పది దాటాక స్ప్రే చేయండి. ఇప్పటికే పట్టి ఉంటే నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను పలచగా చల్లితే చాలావరకు విడుతుంది. క్రోమ్ మీద మాత్రం చల్లకండి.

బటన్ కింద పెట్టిన ఎల్‌ఈడీ మాడింది, లేదా మినుకుమంటోంది

మాడితే, కరెంటును అదుపు చేసే రెసిస్టర్ పెట్టలేదన్నమాట. 1.5 వోల్టుల సెల్స్ మూడంటే 4.5 వోల్టులు, ఎరుపు ఎల్‌ఈడీకి కావాల్సింది 2. మిగిలిన 2.5 వోల్టులను 20 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 125 ఓమ్‌లు, కాబట్టి 150 ఓమ్ రెసిస్టర్ పెట్టండి. నీలానికి దాదాపు 3.2 వోల్టులు కావాలి, 68 ఓమ్ సరిపోతుంది. పిడిని కదిపితే మినుకుమంటుంటే సెల్స్‌ను తాకే స్ప్రింగ్ మొదలు చూడండి, మాస్కింగ్ టేపు దాటి రంగు దాని మీద పడి ఉంటుంది. బ్లేడుతో గీకి, మెరిసే లోహం కనిపించాక సెల్స్ మళ్లీ వేయండి.