పుట్టీ కనెక్షన్ ఊరికే తెగిపోతుంటే

తిరుపతి హాస్టళ్లలో కూర్చుని దూరపు సర్వర్‌లో పనిచేసే పిల్లలకు ఇది పనికొస్తుంది. కాసేపు ఏమీ టైప్ చేయకపోతే పుట్టీ (PuTTY, దూరపు సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) బిగుసుకుపోతోందా? చాలాసార్లు తప్పు సర్వర్‌ది కాదు, మధ్యలోని రౌటర్ ఖాళీ కనెక్షన్‌ను తన పట్టికలోంచి తీసేస్తుంది. పుట్టీ సెట్టింగుల్లో ఎడమవైపు 'కనెక్షన్' నొక్కి, కీప్‌అలైవ్ (లైన్ ఖాళీగా కనిపించకుండా పుట్టీ మధ్యమధ్యలో పంపే చిన్న సంకేతం) సెకన్ల గడిలో 0 తీసి 60 పెట్టండి. వెనక్కి 'సెషన్'లోకి వచ్చి సేవ్ కొట్టాలి. చాలామంది మరిచేది ఇక్కడే, మళ్లీ తెరిస్తే 0నే ఉంటుంది.

చిత్తూరు బస్సులో ఫోన్ హాట్‌స్పాట్ మీద చేసేవాళ్లకు మాత్రం ఇది చాలదు. సిగ్నల్ లేనప్పుడు కీప్‌అలైవ్ వెళ్తే లైన్ ఇంకా త్వరగా తెగొచ్చు. లాగిన్ కాగానే సర్వర్‌లో 'టీమక్స్' (tmux, లైన్ తెగినా పనిని సర్వర్‌లోనే నడిపించే ప్రోగ్రామ్) కొట్టి, అందులోనే పని మొదలుపెట్టండి. తెగినా పని నడుస్తూనే ఉంటుంది. మళ్లీ లాగినై 'టీమక్స్ అటాచ్' (tmux attach) కొడితే సరి.