కష్టంలో ఉన్నప్పుడు చర్చికి ఎలా వెళ్లాలి

"ఆంటీ, విశ్వాసం పెరగాలంటే ఏం చెయ్యాలి?" అని మా స్త్రీల సమాజంలో కొత్తగా పెళ్లై వచ్చిన అమ్మాయిలు అడుగుతుంటారు. నేను పాస్టరమ్మను కాదు. గుంటూరులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. అందుకని నా జవాబు మందుచీటీలాగే ఉంటుంది: ఏది, ఎప్పుడు, ఎంత.

ముందు ఆదివారం సంగతి. ఆరాధన మొదలవడానికి పది నిమిషాల ముందే లోపల ఉండండి. వారం వారం ఒకే చోట కూర్చోండి. దీనికి కారణం ఉంది. మీ చోటు ఖాళీగా కనబడితే "ఏమ్మా, రాలేదు?" అని సాయంత్రానికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఎక్కడంటే అక్కడ, వెనకెక్కడో కూర్చుని వెళ్లిపోయేవాళ్లు మూడు వారాలు రాకపోయినా ఎవరికీ తెలియదు.

"మనసు బాలేదండీ, ఈ వారం వెళ్లను" అంటారు. మనసు బాలేని వారమే వెళ్లాలి. మా లూథరన్ ఆరాధనలో పాపపు ఒప్పుకోలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన అందరం కలిసి చెబుతాం. ఎప్పుడూ అవే మాటలు, ఏం కొత్తదనం ఉందని కుర్రాళ్లు విసుక్కుంటారు. నోట మాట రాని రోజున వాటి విలువ తెలుస్తుంది. మీరు చెప్పలేకపోతే పక్కావిడ చెబుతుంది, మీరు వింటూ నిలబడితే చాలు.

కీర్తనలు కంఠస్థం చెయ్యండి. ఫోన్‌లో బైబిలు, పాటలు అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ ఐసీయూ బయట అర్ధరాత్రి కుర్చీలో కూర్చున్నప్పుడు ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, లైటు ఆపేస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసినవి ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా అన్ని చరణాలూ నోటికి రావాలి. పల్లవి ఒక్కటే వస్తే రాత్రి గడవదు.

ఇంట్లో చదవడానికి మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే. రోజుకొకటి చదివినా నెల తిరక్కుండానే అయిపోతుంది. కష్టంలో ఉంటే బైబిల్లోని కీర్తనల గ్రంథంలో 13వ కీర్తన తెరవండి. ఆరే వచనాలు. ఎన్నాళ్లు ప్రభువా, ఎన్నాళ్లు అని దావీదు దేవుణ్ణి నిలదీస్తాడు. 88వ కీర్తనైతే చీకటితోనే ముగుస్తుంది, చివర ఓదార్పు కూడా లేదు. అలాంటివి బైబిల్లో ఉండగా, దేవుడి దగ్గర ఏడవడం అవిశ్వాసమని మిమ్మల్ని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇలాంటి మాటలు మా ఇంటికీ వచ్చాయి. మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినప్పుడు ఒకాయన ఇంటికొచ్చి, "మీ ఇంట్లో ప్రార్థన తగ్గింది, అందుకే" అన్నాడు. ఆయనకి టీ ఇచ్చి పంపించేశాను. ఇంకొకరు బీపీ మాత్రలు ఆపి నూనె రాయమన్నారు. అది మాత్రం నేను ఊరుకోలేదు. బైబిల్లో హిజ్కియా రాజు జబ్బుపడి ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు విన్నాడు. ఆ తర్వాత యెషయా ప్రవక్త ఏం తెమ్మన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద. దాన్ని పుండు మీద వేశారు. రాజులు రెండవ గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది, తీసి చూపించాను. మా గుంటూరుకి 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ మిషనరీ, డాక్టరు కూడా. ప్రార్థన చెయ్యండి, మాత్రా వెయ్యండి.

ఇక అన్నిటికంటే కష్టమైనది, సాయం అడగడం. "మా కుటుంబం కోసం ప్రార్థించండి" అని చీటీ రాసిస్తే ప్రార్థిస్తారు, సందేహం లేదు. కానీ మీకు ఏం కావాలో వాళ్లకెలా తెలుస్తుంది? నేను యూత్ పిల్లల దగ్గరికి వెళ్లి, "మంగళవారం ఉదయం ఫిజియోథెరపీ ఉంది బాబూ, మూడో అంతస్తు నుంచి దింపడానికి ఇద్దరు కావాలి" అని అడిగాను. ఇద్దరు వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, నడుముకి తువ్వాలు చుట్టి వెనక ముడి వేశాం. కుర్చీని కొంచెం వెనక్కి వాల్చి, ఒకరు పైన, ఒకరు కింద పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దించారు. మలుపు దగ్గర కింద పట్టుకున్నవాడే ముందు తిరగాలని రెండో వారానికి వాళ్లే కనిపెట్టారు. ఆ ఇద్దరిలో ఒకడు అంతకుముందు చర్చికి వచ్చి బయట బండి మీదే కూర్చునేవాడు.

బైబిల్లో పౌలు రాసిన గలతీ పత్రిక 6వ అధ్యాయంలో రెండో వచనం ఒకరి భారం ఒకరు మొయ్యమంటుంది. ఐదో వచనం ఎవడి బరువు వాడే మోసుకోవాలంటుంది. రెండూ పాటించాలి. మెట్లు దింపడానికి మనుషుల్ని అడిగాను, రాత్రి పక్క మార్చడానికి అడగలేదు.

కానుక విషయం చిన్నదే. అప్పు చేసి ఇవ్వకండి. ఇంత ఇస్తే జబ్బు తగ్గుతుందని ఎవరైనా రేటు చెబితే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి. సంఘంలో ఎలక్షన్ల టైంలో వరండా మాటలకు నిలబడకండి, ఓటు వేసి ఇంటికి వెళ్లండి. ఆ గొడవలు చూసి చర్చి మానేసినవాళ్లు చాలామంది నాకు తెలుసు.

అసలు కదలలేని పరిస్థితి అయితే ప్రభురాత్రి భోజనం, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, ఇంటికే వస్తుంది. చాలామందికి ఇది అడగొచ్చని తెలియదు. ఒక రోజు ముందు పాస్టరు గారికి ఫోన్ చేసి టైం మాట్లాడుకోండి. మంచం పక్కన చిన్న బల్ల వేసి తెల్లగుడ్డ పరచండి. రొట్టె, ద్రాక్షరసం పాస్టరు గారే తెస్తారు. మింగడం కష్టమైన మనిషైతే ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పండి. పక్షవాతం వచ్చినవాళ్లకి పొరబోతుంది కాబట్టి తలగడలు పెట్టి కూర్చోబెట్టండి, రొట్టె చిటికెడే ఇవ్వమనండి. పక్కింటి విశ్వాసుల్ని కూడా పిలవండి.