నెలనెలా కట్టకుండా ఫోటో ఎడిటింగ్: ఎక్కడ పేచీ, ఏం చేయాలి

నరసన్నపేటలో మా బావకి చిన్న స్టూడియో ఉంది. శ్రావణంలో తిండికి కూడా తీరిక ఉండదు, ఆషాఢంలో ఈగలు తోలుకోవడమే. ఖాళీ నెలలకి కూడా ఫోటోషాప్ అద్దె ఎందుకని మానేశాడు. 2013 నుంచి కొత్త ఫోటోషాప్ అద్దెకే తప్ప సొంతానికి ఇవ్వడం లేదు. మానేశాక వరసగా వచ్చిన తలనొప్పులు ఇవి.

సమస్య: పాత పీఎస్‌డీ ఫైళ్ళు (ఫోటోషాప్‌లో దాచుకున్నవి) తెరుచుకోవడం లేదు.
కారణం: ఆగిపోయింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే, ఫైళ్ళకేమీ కాలేదు.
పరిష్కారం: బ్రౌజర్‌లో ఫోటోపీ అనే ఎడిటింగ్ సైటు తెరిచి ఫైలుని అందులోకి లాగండి. ఉచితం, పక్కన యాడ్స్ వస్తాయంతే. ఫోటో వాళ్ళ సర్వర్‌కి వెళ్ళదు, పనంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా పీఎస్‌డీ తెరుస్తుంది గానీ, స్మార్ట్ ఆబ్జెక్ట్‌లున్న (అసలు ఫోటో చెడకుండా లోపల పొదిగిన లేయర్లున్న) ఆల్బమ్ పేజీలకి ఫోటోపీయే నయం.

సమస్య: పెళ్ళికూతురి పేరు మార్చబోతే అక్షరాలు గజిబిజి.
మమ్మల్ని బాగా ఏడిపించింది ఇదే. పేజీ తెరిచినప్పుడు పేరు చక్కగానే ఉంది. దానిమీద క్లిక్ చేసి ఒక్క అక్షరం కొట్టేసరికి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిపోయి పిచ్చిగీతలయ్యాయి. “ఏటైపోనాది రా ఇది!” అని బావ తల పట్టుకున్నాడు.
కారణం: డీటీపీలో వాడే పాత ‘అను’ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతి) కావు. లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, వాటికి తెలుగు బొమ్మ తొడిగేది ఫాంటు. ఫాంటు లేకపోతే ఆ తొడుగు ఊడిపోతుంది.
పరిష్కారం: మీ దగ్గరున్న ఫాంటు ఫైలుని ఫోటోపీ కిటికీలోకి లాగండి, గుర్తుపడుతుంది. కొత్త పనులు మాత్రం యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి ఉచితంగా దొరుకుతాయి. మన పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి పంతులుగారి పేరున ‘గిడుగు’ ఫాంటు కూడా ఉంది. జింప్‌లో ఒత్తులు సరిగ్గానే పడతాయి. వేరే ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ముందు ‘లక్ష్మి’ అని కొట్టి చూడండి. క్ష కింద మ ఒత్తు కుదరకపోతే అది మన పనికి రాదు, ఎంత చవకైనా సరే.

సమస్య: కెమెరా ‘రా’ ఫైలు (జేపెగ్‌గా మార్చని అసలు ఫైలు) జింప్‌లో తెరుచుకోవడం లేదు.
కారణం: రా ఫైళ్ళు చదవడం దానికి సొంతంగా రాదు.
పరిష్కారం: డార్క్‌టేబుల్ గానీ రాథెరపీ గానీ వేసుకోండి. రెండూ ఉచితమే.

సమస్య: ఒకసారి కొన్నా గడువు అంటోంది.
కారణం: ఫోటోషాప్‌కి చిన్న రూపమైన ఫోటోషాప్ ఎలిమెంట్స్‌కి 2025 వెర్షన్ నుంచి లైసెన్సు మూడేళ్ళకే. కొనేముందు ఆ ముక్క చదవండి.
పరిష్కారం: జింప్‌కి గడువు లేదు. అఫినిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా 2025 అక్టోబరు నుంచి ఉచితం, కాకపోతే దాని యజమాని కాన్వా సైటులో ఖాతా కావాలి. ఏఐ పనులకే డబ్బు.

సమస్య: క్రాక్ (లైసెన్సు లేని దొంగ కాపీ) వేశాక సిస్టమ్ మొరాయిస్తోంది.
దీనికి కారణం చెప్పాలా? యాంటీవైరస్ ఆపమన్నప్పుడే అనుమానం రావాలి. పెళ్ళి ఫోటోలు వేరే హార్డ్‌డిస్క్‌లోకి తీసి, విండోస్ మళ్ళీ వేయించండి.

సమస్య: పాస్‌పోర్టు ఫోటో ప్రింటు చిన్నదో పెద్దదో అవుతోంది.
జింప్‌లో 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్) పెట్టి 413 × 531 పిక్సెల్స్‌కి కోయండి, 35 × 45 మిల్లీమీటర్లు వస్తుంది. 6 × 4 అంగుళాల షీటుని అడ్డంగా పెట్టుకుంటే ఎనిమిది పడతాయి. ప్రింటర్ సెట్టింగ్‌లో ‘ఫిట్ టు పేజ్’ తీసేయడం మరవకండి, బావ రెండు షీట్లు పారేశాకే అది గమనించాం.