సామాను కట్టే బెల్టును నేల తాకకముందే చుట్టేయాలి

విశాఖలో ఇళ్ళ సామాను మార్చే పని మాది. రెండు మినీ ట్రక్కులు నడుపుతున్నాం. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు బెల్టు బిగించడం కంటే ముందు, విప్పి చుట్టడం నేర్పిస్తాను. బిగించడం పక్కవాణ్ణి చూసి అందరూ నేర్చుకుంటారు. చుట్టడం మాత్రం ఎవరో ఒకరు పక్కన నిలబడి చెప్తేనే వస్తుంది.

పెట్టెలో ఉన్న బెల్టు దానంతటది చిక్కుపడదు. సామాను దింపేసి, అందరూ అలిసిపోయి, బెల్టులన్నీ కుప్పగా బాడీలోకి విసిరేస్తారు చూడండి, చిక్కు అక్కడే పుడుతుంది. మర్నాడు పొద్దున్నే ఎం.వి.పి. కాలనీలో ఫ్రిజ్ దింపి రోడ్డు మీద పెట్టి ఉంటుంది, వెనక కారువాడు హారన్ కొడుతుంటాడు. ఆ కుప్పలో ఒకటి లాగితే నాలుగు వస్తాయి. ఆ టెన్షన్‌లో మెలిపడ్డ బెల్టును అలాగే బిగించేస్తారు. మెలిపడ్డ చోట బెల్టు వెడల్పుగా ఆనదు, ఒత్తిడంతా అంచు మీద పడి సామానుకు గీత పడుతుంది. ముడి ఉంటే ఇంకా ప్రమాదం. బెల్టు బలం బాగా పడిపోతుంది, పైగా బిగించాక ఆ ముడి ఊడి రాదు.

మేం పెద్ద సామానుకు వాడేవి 50 మిల్లీమీటర్ల వెడల్పున్న పాలిస్టర్ బెల్టులు. చిన్నవాటికి 25 మిల్లీమీటర్లవి చాలు. ప్రతి బెల్టుకీ రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి రాట్చెట్ (పిడిని ఆడిస్తూ బెల్టును బిగించే పళ్ళున్న ఇనుప బిగింపు) కుట్టి ఉన్న పొట్టి ముక్క, రెండోది ఒక కొసన కొక్కెం ఉన్న పొడుగు ముక్క. ఈ రెండింటినీ ఎప్పుడూ విడదీసే దాచాలి. రాట్చెట్‌లో బెల్టు దూర్చి ఉంచి దాచితే చిక్కుకు సగం కారణం అదే.

విప్పేటప్పుడు ముందు సామాను ఏ పక్కకైనా వాలి ఉందేమో చూడండి. వాలి ఉంటే ఒకరు పట్టుకోవాలి. రాట్చెట్ పిడిలో ఉన్న స్ప్రింగు పట్టీని వేళ్ళతో లాగి పట్టుకుని, పిడిని పూర్తిగా వెనక్కి, బల్లపరుపుగా అయ్యేదాకా తెరవండి. అప్పుడు లోపలి ఇరుసు స్వేచ్ఛగా తిరుగుతుంది, బెల్టు తేలిగ్గా బయటికొస్తుంది. సగమే తెరిచి బలంగా గుంజితే బెల్టు ఇరుసు మీద ఒకవైపుకి జరిగి అంచు నలిగిపోతుంది.

ఇప్పుడు అసలు పని. పొడుగు ముక్క కొక్కెం ఇంకా బండి బాడీకి తగిలించే ఉంటుంది. దాన్ని తీయకండి! చాలామంది ముందు కొక్కెం తీసేసి, బెల్టును రోడ్డు మీద పడేసి, తర్వాత చుట్టడం మొదలుపెడతారు. అప్పటికే మట్టి అంటుకుంటుంది, మెలికలు పడతాయి. బెల్టును కొక్కెం ఉన్న పక్కకి లాగి, వట్టి కొస చేతిలో పట్టుకుని, బెల్టు సాపుగా నిలిచేంత దూరం వెనక్కి జరగండి. మెలి ఉంటే అప్పుడే కంటికి కనిపిస్తుంది, కొసను తిప్పితే పోతుంది. ఇక చాప చుట్టినట్టు ఆ కొస దగ్గర మొదలుపెట్టి, కొక్కెం వైపు నడుస్తూ చుట్టుకుంటూ పోండి. ఎడమ చేతిలో చుట్ట, కుడి చేతి బొటనవేలు అంచు మీద. అంచులు సమానంగా ఉండాలి, చుట్ట గట్టిగా ఉండాలి. బండి దగ్గరికి చేరేసరికి బెల్టంతా చేతిలో ఉంటుంది, కొక్కెం తీస్తే అయిపోయింది.

వట్టి కొస నుంచే ఎందుకంటే, మళ్ళీ వాడేటప్పుడు కొక్కెం పైన సిద్ధంగా ఉంటుంది. దాన్ని బండికి తగిలించి, చుట్టను సామాను మీదుగా అవతలికి విసిరితే అదే విప్పుకుంటూ వెళ్ళి, కొస రాట్చెట్ పక్కన పడుతుంది. కొక్కెం నుంచి మొదలుపెడితే ఇనుము మధ్యలో ఇరుక్కుని చుట్ట సరిగ్గా కుదరదు, వాడేటప్పుడు మొత్తం విప్పితే గాని కొక్కెం దొరకదు. పైన కప్పు ఉన్న కంటైనర్ బండిలో విసిరే వీలుండదు కాబట్టి, బెల్టును సగానికి మడిచి ఆ మడత నుంచి చుట్టుకోవచ్చు. రెండు కొసలూ బయటే ఉంటాయి.

చుట్ట విడిపోకుండా పాత స్కూటర్ ట్యూబును రెండు వేళ్ళ వెడల్పున రింగులుగా కోసి తొడగండి. టైరు షాపులో అడిగితే పాడైన ట్యూబు దొరుకుతుంది. వెల్‌క్రో పట్టీలు చూడ్డానికి బాగుంటాయి గాని, దుమ్మూ పీచూ పట్టి కొన్నాళ్ళకు అంటుకోవడం మానేస్తాయి. పొట్టి ముక్కకైతే రాట్చెట్ పిడి మూసేసి, బెల్టును దాని చుట్టూ తిప్పి అదే రింగు వేస్తే చాలు.

దాచడానికి సంచీ వద్దు, గాలి ఆడదు. కూరగాయలు తెచ్చే చిల్లుల ప్లాస్టిక్ ట్రే తీసుకుని, చుట్టలన్నీ పక్కపక్కన నిలబెట్టండి. ఏది తక్కువైందో పై నుంచే తెలుస్తుంది. సైజుల గుర్తుకు పెయింట్ వేయాలనిపిస్తే ఇనుము మీద వేయండి, నేత మీద వద్దు.

తడి బెల్టును చుట్టి అలాగే వదిలేయకూడదు. పాలిస్టర్‌కు నీళ్ళ వల్ల పెద్దగా నష్టం లేదు గాని, పొరల మధ్య నిలిచిన తడి కొక్కేన్నీ రాట్చెట్‌నీ తుప్పు పట్టిస్తుంది. మా ఊళ్ళో సముద్రపు గాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. వానలో పని చేసి వస్తే, రాత్రికి వదులుగా విప్పి నీడలో ఆరేయండి. రోజుల తరబడి ఎండలో వేలాడదీస్తే నేత బలహీనపడుతుంది. రాట్చెట్ పళ్ళకు అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు కుట్టు మిషన్ నూనె వేయండి, బెల్టుకు అంటకుండా. బండిలో సిమెంటు బస్తాలు వేసిన రోజు మాత్రం బెల్టుల్ని తప్పకుండా మంచినీళ్ళతో కడగాలి. సిమెంటు పొడి నేతలో దూరి దారాల్ని అరగదీస్తుంది, తడిస్తే క్షారం పాలిస్టర్‌ను తినేస్తుంది. మరీ మురికైతే మామూలు సబ్బు చాలు, బ్లీచింగ్ వాడొద్దు.

చుట్టేటప్పుడు బెల్టు ప్రతి అంగుళం మీ బొటనవేలు కింద నుంచి పోతుంది. అంచున కోత, కాలి గట్టిపడిన చోటు, తెగిన కుట్టు, సాగిన కొక్కెం ఏది ఉన్నా అక్కడే దొరుకుతుంది. వట్టి కొసన పీచులు మాత్రమే లేస్తే కంగారు లేదు. కొంచెం ఏటవాలుగా కోసి, మంటకు చూపించి అంచు కరిగిస్తే రాట్చెట్ గాడిలోకి సులువుగా దూరుతుంది. మీద కుట్టిన లేబుల్ కూడా చూసుకోండి, ఆ బెల్టు ఎంత లాగుడు తట్టుకుంటుందో దాని మీదే ఉంటుంది. లేబుల్ ఊడిపోయినా, పైన చెప్పిన దెబ్బలు కనిపించినా బెల్టును పక్కన పెట్టేయాలి. అలా పక్కన పెట్టినదాన్ని కొక్కెం దగ్గర కోసేయండి, లేకపోతే హడావుడిలో ఎవరో ఒకరు మళ్ళీ వాడేస్తారు. కోసిన ముక్కల్ని మేం బీరువా మూలల మీద, కొత్త బెల్టు కింద మెత్తగా వేస్తున్నాం.